తలకిందుల చెట్టు

పిల్లలూ, ఇది మన తాతల తాతలకూ ముందు జరిగిన సంగతి. సముద్రం ఒడ్డున మేఖలపురం అని ఒక రాజ్యం ఉండేది. ధృతవర్మ అనే రాజు దాన్ని ఏలేవాడు. ఆయన భార్య హైమవతీదేవి. వాళ్లకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి పడితే ఎదురులేదు. రెండోవాడు చతురసేనుడు, మాటలో గాని ఎత్తులో గాని అతన్ని ఓడించినవాడు లేడు. మూడోవాడు నీలకేతుడు. అతను ఏది చేసినా నిదానంగా చేసేవాడు. అన్నం తినడమూ నిదానమే, జవాబు చెప్పడమూ నిదానమే. అతన్ని పెంచిన దాది కావమ్మ తప్ప ఎవరూ అతన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఒకనాడు కొత్త ఓడను నీళ్లలోకి దింపుతున్నారని ఊరంతా రేవులో చేరింది. అప్పుడు జడలు కట్టిన ఒక మనిషి సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. సంచీ నిండా రాగిబిళ్లలు. ఒక్కో బిళ్ల మీద ఒక్కో అంకె చెక్కి ఉంది. "రక్షబిళ్ల తల్లీ, మెళ్లో వేసుకో" అంటూ అందినవాళ్లకల్లా ఇచ్చాడు. పద్నాలుగు మంది తీసుకున్నారు. హైమవతీదేవి తీసుకుంది. కావమ్మ తీసుకుంది. బిళ్ల మెడను తాకగానే ఆ పద్నాలుగు మందీ పక్షులైపోయారు. జడలమనిషి వాళ్లను సంచీలో వేసుకుని, అందరూ చూస్తుండగానే, అలల మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అతను కరాళుడు అనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల బూడిద దీవిలో ఉంటాడు. పక్షులు ఎంత పాడితే అతని ఆయుష్షు అంత పెరుగుతుంది.

రణధీరుడు ఆ పూటే ఓడెక్కాడు. ఏడు సముద్రాలు దాటాడు. బూడిద దీవి మధ్యలో అడుగు కనిపించని అగాధం ఉంది. ఆ అగాధం అంచున ఒక చెట్టు. దాని వేళ్లు పైన బండను పట్టుకుని ఉన్నాయి, కొమ్మలు కిందికి అగాధంలోకి దిగాయి. పైనుంచి దిగే ప్రతి కొమ్మా ఒక పంజరం దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. వాటి చివర మళ్లీ పంజరాలు. మళ్లీ చీలికలు. అన్నిటికన్నా పై పంజరంలో ఒక ఆకుపచ్చ చిలుక ఉంది. దాని కింద ఎడమ పక్క పంజరంలో ఉన్న పక్షి రణధీరుణ్ణి చూసి తల్లి గొంతుతో "నాయనా" అంది.

కరాళుడు బండ మీద కూర్చుని ఉన్నాడు. "తల్లి కావాలా? తీసుకో. నేను అడ్డురాను" అన్నాడు.

"వద్దు, ఆగు. నా కింద..." అని ఆ పక్షి ఏదో చెప్పబోయింది. రణధీరుడు ఆగలేదు. చేయి చాచి పంజరం కొక్కెం విప్పి పైకి లాగాడు. మెడలో బిళ్ల తెంచాడు. తల్లి మనిషై అతని చేతుల్లోకి వచ్చింది.

పంజరం తీసేసిన కొమ్మ ఆ క్షణమే విరిగింది. దాన్ని పట్టుకుని వేలాడుతున్న కొమ్మలన్నీ దానితో పోయాయి. ఆరు పంజరాలు, ఆరుగురు మనుషులు. పడిన చప్పుడు కూడా వినపడలేదు. అంత లోతు.

రణధీరుడు తల్లిని ఇంటికి తెచ్చాడు. రేవులో జనం ఎదురుచూస్తున్నారు. "మా వాడేడి బాబూ?" "మా అమ్మాయేది?" అని అడిగారు. తల్లే ఓడ దిగి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, జరిగింది చెప్పింది. ఆ ఆరు ఇళ్ల ఏడుపు వింటూ రణధీరుడు ఇసుకలో కూలబడ్డాడు. ఆ తర్వాత అతను కత్తి పట్టలేదు.

హైమవతీదేవి మిగతా కొడుకులిద్దరినీ పిలిచి తను చూసింది చెప్పింది. "అందరినీ వాడు ఒక నియమంతో వేలాడదీశాడు. కొత్త పక్షిని చెట్టు పైనుంచి వదులుతాడు. దారిలో ఉన్న పంజరం అంకె కన్నా దాని అంకె చిన్నదైతే ఎడమకు దిగుతుంది, పెద్దదైతే కుడికి దిగుతుంది. ఖాళీ దొరికినచోట వేలాడుతుంది. పై పంజరంలో చిలుక మన మనిషి కాదు. దాని అంకె యాభై. అది వాడి ప్రాణం. అది ఊపిరి తీస్తే వాడూ తీస్తాడు. అందరూ తన ప్రాణం కింద వేలాడేలా దాన్ని అందరికన్నా ముందు కట్టుకున్నాడు. దాన్ని ముట్టుకుంటే అందరూ పోతారు. మూడు పనులు చెబుతాడు. మూడూ చేసినవాణ్ణి వాడు ఆపలేడు. ఆ చెట్టు వాడికి ఆ షరతు మీదే దక్కింది."

చతురసేనుడు బయల్దేరాడు. ఏడు సముద్రాలు దాటాడు. కరాళుడు మొదటి పని చెప్పాడు. "చెట్టులోకి దిగి, అందరి అంకెలూ పేర్లూ చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా పిలువు. ఒక్కటి తప్పినా, ఒక్కటి ముందు వెనకైనా నువ్వు నా పక్షివే."

చతురసేనుడు నవ్వాడు. చిన్నవి ఎడమనే ఉంటాయి గదా అనుకున్నాడు. చిలుక పక్క నుంచి ఎడమకు అడుగేశాడు. అక్కడ కొమ్మ కనిపించింది. కాని అది కొమ్మ కాదు. అన్న విరగ్గొట్టిన కొమ్మ తాలూకు నీడ. కాలు శూన్యంలో పడింది. పడిపోతున్నవాణ్ణి కరాళుడు గాలిలోనే పట్టి, మెడలో అరవై రెండో బిళ్ల వేసి, చెట్టు మీంచి వదిలాడు. అతను కుడికి, ఎడమకు, మళ్లీ కుడికి, మళ్లీ ఎడమకు దిగి అట్టడుగున వేలాడాడు.

ఏడాది గడిచింది. రెండోవాడు రాలేదు. అప్పుడు నీలకేతుడు తండ్రి ముందుకు వచ్చాడు.

"నేను వెళ్తాను నాన్నగారూ."

"కత్తి పోయింది, తెలివి పోయింది. నీ దగ్గర ఏముందిరా?" అన్నాడు రాజు. కోపంతో కాదు, విసిగిపోయి అన్నాడు.

నీలకేతుడు చాలాసేపు ఆలోచించాడు. "ఏమీ లేదు. కావమ్మ అక్కడుంది" అన్నాడు.

అతను ఏడు సముద్రాలు దాటి బూడిద దీవిలో దిగాడు. ఒడ్డున చీమల బారు ఒకటి పోతోంది. అల వచ్చి బారును మధ్యకు తెంపింది. అన్నలిద్దరూ ఇలాంటివి చూడకుండా దాటిపోయిన వాళ్లే. నీలకేతుడు మాత్రం ఆగి, తన ఉత్తరీయం తడిమీద పరిచి, చివరి చీమ దాటేదాకా కూర్చున్నాడు. అన్నిటికన్నా వెనక వచ్చిన ముసలి చీమ అతని బొటనవేలు ఎక్కింది.

"ఎక్కడికి పోతున్నావు?" అని అడిగింది.

"చెట్టులోకి దిగాలి అవ్వా. దారి తప్పకూడదు, ఒక్కరినీ వదలకూడదు."

"మేము పుట్టినప్పటినుంచీ చేసే పని అదే" అంది చీమ. "చీలిక వస్తే ముందు ఎడమ. ఎడమ పూర్తిగా అయ్యేదాకా కుడి మాట తలవద్దు. దిగే ముందు ప్రతిసారీ చేత్తో తడిమి చూడు. కొమ్మ లేకపోతే వెనక్కి తిరుగు. నీ బుర్రను నమ్మకు. ఒక దారం దగ్గర పెట్టుకో. ఎక్కడికి తిరిగి రావాలో, ఆ చీలిక దగ్గర ఒక ముడి వెయ్యి. తిరిగి వచ్చేటప్పుడు చివర వేసిన ముడినే ముందు విప్పు."

"అంతేనా?"

"అంతే. కానీ ఒక్కసారి కూడా మానకూడదు."

నీలకేతుడు ఉత్తరీయం అంచునుంచి దారం లాగి వేలికి చుట్టుకుని అగాధం దగ్గరికి వెళ్లాడు. కరాళుడు అతన్ని కిందికీ మీదికీ చూసి మొదటి పని చెప్పాడు.

నీలకేతుడు చిలుక దగ్గర ముడి వేశాడు. ఎడమ పక్క చేయి చాచి తడిమాడు. కంటికి కొమ్మ ఉంది, చేతికి ఏమీ తగలలేదు. వెనక్కి తిరిగాడు. ముడి విప్పాడు. అందరికన్నా చిన్న అంకె చిలుకదే.

"యాభై. కరాళుడి ప్రాణం" అని పిలిచాడు.

బండ మీద మాంత్రికుడి ముఖంలో రంగు మారింది.

నీలకేతుడు కుడికి దిగాడు. డెబ్భై. ఆ పంజరంలో ఒక ముసలి కొంగ రెక్కలు రాలిపోయి కూర్చుని ఉంది. అతన్ని చూసి, "వచ్చావా చిన్నబాబూ" అంది. కావమ్మ గొంతు. అతని కళ్లు మసకబారాయి. కాని పేరు పిలవలేదు. ఆమెకన్నా చిన్న అంకెలవాళ్లు ఎడమన ఉన్నారు. అక్కడ ముడి వేసి ఎడమకు దిగాడు. అరవై. ముడి. మళ్లీ ఎడమకు. యాభై అయిదు. దాని ఎడమన తడిమాడు, ఏమీ లేదు.

"నీ పేరేంటమ్మా?"

"వారిజ. ఓడలు కట్టే వడ్రంగి కూతుర్ని" అంది ఆ పిట్ట.

"యాభై అయిదు. వారిజ" అని పిలిచాడు. కుడిన తడిమాడు, అక్కడా ఏమీ లేదు. పైకెక్కి ముడి విప్పి, "అరవై. పడవ నడిపే పోలయ్య" అన్నాడు. అరవై కుడిన అరవై అయిదు. ముడి వేసి దాని ఎడమకు దిగాడు. అక్కడ ఉన్న పిట్ట తల దించుకుని కూర్చుంది.

"అన్నయ్యా" అన్నాడు నీలకేతుడు.

"నా పేరు చెప్పడానికే సిగ్గుగా ఉంది తమ్ముడూ."

"అరవై రెండు. చతురసేనుడు" అని నీలకేతుడు గట్టిగా పిలిచాడు.

తర్వాత అరవై అయిదు, వంటశాల అప్పలమ్మ. తర్వాత డెబ్భై, కావమ్మ. ఆమె కుడిన సాలె రంగయ్య వేలాడుతున్నాడు, ఎనభై. అతనికి ఎడమన ఒక కూతురు, కుడిన ఒక కూతురు. ఇద్దరూ కవలలు. పేర్లు అడిగి, డెబ్భై అయిదు పిలిచి, తండ్రిని పిలిచి, తొంభై పిలిచాడు. దారంలో ఒక్క ముడీ మిగల్లేదు. పైకి వచ్చాడు.

కరాళుడు రెండో పని చెప్పాడు. తొమ్మిది మట్టిబొమ్మలు ముందు పెట్టాడు. వాటి మీద అవే అంకెలు. "అవతలి బండ మీంచి వీటిని ఒక్కొక్కటే వదులు. చెట్టులో పక్షులు దిగినట్టే ఇవీ దిగుతాయి. నా చెట్టుకు అచ్చు కవలలా ఉండాలి. ఒక్క కొమ్మ తేడా వచ్చినా నువ్వు నా పక్షివే."

నీలకేతుడు బొమ్మలు ముట్టుకోలేదు. బూడిదలో పుల్లతో గీసి చూశాడు. ఇందాక పిలిచిన వరసలోనే వదిలితే, తర్వాత వచ్చే ప్రతి బొమ్మా ముందుదానికన్నా పెద్దదే, ప్రతిదీ కుడికే పోయింది. చెట్టు రాలేదు, బావి చేంతాడులా ఒకే గీత వచ్చింది. దాన్ని చెరిపేశాడు. తలెత్తి చెట్టును చూశాడు. ఎవరు ఎవరిని పట్టుకుని వేలాడుతున్నారో చూశాడు. పైన మోసేవాడు ముందు రావాలి, వాణ్ణి పట్టుకుని వేలాడేవాళ్లు తర్వాత రావాలి అనుకున్నాడు. మళ్లీ గీశాడు. మూడుసార్లు సరిచూసుకున్నాడు. పొద్దు వాలేదాకా గీస్తూనే ఉన్నాడు. కరాళుడు విసుక్కున్నా పట్టించుకోలేదు.

అప్పుడు లేచి ముందు యాభైని వదిలాడు. తర్వాత డెబ్భై, అరవై, యాభై అయిదు. అరవై ఎడమ పక్క అయిపోయింది గనక కుడి పక్క అరవై అయిదు, దానికి ఎడమన అరవై రెండు. అది అయ్యాక ఎనభై, డెబ్భై అయిదు, తొంభై. అవతలి బండకు అచ్చు అలాంటి చెట్టే వేలాడింది.

మర్నాడు మూడో పని. "అందరినీ దింపుకుని తీసుకుపో. అడ్డురాను" అన్నాడు కరాళుడు. మొదటి కొడుకుతో అన్నట్టే, అదే గొంతుతో అన్నాడు.

నీలకేతుడు దిగుతుంటే డెబ్భై దగ్గర కావమ్మ దగ్గింది. నిన్నటికన్నా ఆమె ఊపిరి బాగా తగ్గిపోయింది. ముక్కు చివర నెత్తురు ఉంది.

పైనుంచి కరాళుడు అన్నాడు, "ముసలిది సాయంత్రం దాకా ఉండదు. నీకు పాలిచ్చి పెంచింది కదా. ముందు దాన్ని విడిపించు. చేయి చాస్తే అందుతుంది."

నీలకేతుడి చేయి కొక్కెం మీద పడింది. కావమ్మ ముక్కుతో ఆ చేతిని పొడిచింది. నెత్తురు వచ్చేలా పొడిచింది.

"నా కింద ఏడుగురు ఉన్నారు నాయనా" అంది. "నేను ఊచల సందుల్లోంచి కొమ్మను పట్టుకునే ఉంటాను. నువ్వు నీ పని నిదానంగా చెయ్యి. నాకోసం తొందరపడి ఎవర్నీ పోగొట్టకు."

"కావమ్మా, నువ్వు..."

"పో. మాట్లాడితే నాకు ఆయాసం."

అతను ముడి వేసి దిగాడు. కింద ఎవరూ వేలాడని వాళ్లను ముందు తీయాలి. ఎడమ పక్క అయ్యాక, కుడి పక్క కూడా అయ్యాక, అప్పుడే మధ్యవాళ్లను తీయాలి. నిన్నటిలా ఒక్క పక్క తిరిగి రాగానే ముడి విప్పడానికి లేదు. రెండు పక్కలా ఖాళీ అయ్యేదాకా ముడి ముడిలాగే ఉండాలి.

మొదట వారిజ పంజరం తీసి వీపుకు కట్టుకుని పైకెక్కాడు. గట్టు మీద బిళ్ల తెంచాడు. ఆమె మనిషై లేచి, అగాధాన్ని చూసి, అతని అరచేతులు చూసింది. అప్పుడే తోలు ఊడిపోయి ఉన్నాయి.

"మీ ఓడలో తాళ్లున్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయి."

"మీరు దిగండి. ఇక పైకి లాగడం నా పని."

ఆమె పరుగున వెళ్లి తాళ్లు తెచ్చింది. బండకు బిగించింది. రెండోసారి చతురసేనుడు పైకి వచ్చాడు. అతను వారిజ పక్కన నిలబడి తాడు అందుకున్నాడు. తర్వాత అప్పలమ్మ. తన కింద రెండు పక్కలా అందరూ అయిపోయాక పోలయ్య. తీసిన ప్రతి పంజరం వెనక కొమ్మ విరిగి అగాధంలో పడుతూనే ఉంది. కాని ఆ కొమ్మ మీద అప్పటికి ఎవరూ లేరు.

కుడి పక్కకు వెళ్తూ నీలకేతుడు కావమ్మను చూశాడు. కళ్లు మూసుకుని ఉంది. కాళ్లు మాత్రం కొమ్మను బిగించి పట్టుకుని ఉన్నాయి.

రంగయ్య ఎడమ కూతురు డెబ్భై అయిదు. ఆమెను తీశాడు. తర్వాత కుడి కూతురు తొంభై. ఇద్దరూ పైకి వెళ్లేదాకా రంగయ్య ఊపిరి బిగబట్టి చూశాడు. "ఇంక నన్ను వదిలేసినా పర్లేదు బాబూ" అన్నాడు.

"ఎవర్నీ వదలను" అన్నాడు నీలకేతుడు. ఎనభైని తీశాడు.

ఇప్పుడు దారంలో రెండే ముళ్లు ఉన్నాయి. ఒకటి విప్పి డెబ్భై దగ్గరికి వచ్చాడు. పొద్దు ఇంకా కుంకలేదు. పంజరం తలుపు తెరిచి చేయి పెట్టాడు. కొంగ ఒళ్లు చల్లగా ఉంది. ప్రాణం ఎప్పుడు పోయిందో తెలియదు. కాళ్ల పట్టు మాత్రం వదలలేదు. ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

ఆమెను తాడుకు కట్టి పంపలేదు. తనే ఎత్తుకుని ఎక్కాడు. బిళ్ల తెంచగానే తెల్లజుట్టు కావమ్మ అతని ఒళ్లో ఉంది, కళ్లు తెరవలేదు. ఏడుగురూ చుట్టూ నిలబడ్డారు. వారిజ తన పైట చింపి ఆమె మూతి దగ్గర నెత్తురు తుడిచింది.

కరాళుడు బండ మీంచి లేచాడు. పాడటానికి ఒక్క పక్షీ లేదు. "రాకుమారా, ఇప్పుడు నీ మనుషులందరూ నీకు దక్కారు. ఇంక నా జోలికి రాకు. నేను ఈ దీవి దాటను" అన్నాడు.

"దక్కారా?" అన్నాడు నీలకేతుడు.

అతను చెట్టు దగ్గరికి వెళ్లాడు. మిగిలింది ఒక్క పంజరమే. చిలుకను బయటికి తీశాడు. అది అతని చేతిలో చిన్నగా కొట్టుకుంది. ఎడమ పక్క ఎవరూ లేరు, కుడి పక్క ఎవరూ లేరు. అయినా రెండు పక్కలా చేత్తో తడిమి చూశాడు. అప్పుడు దాని మెడ తిప్పేశాడు. కరాళుడు నిలబడినచోటే బూడిదై రాలిపోయాడు. చెట్టు వేళ్లు బండను వదిలాయి. చెట్టు మొత్తం అగాధంలోకి జారిపోయింది.

కావమ్మకు అక్కడే, సముద్రం కనిపించేచోట, చితి పేర్చారు. కొడుకు చేయాల్సినవన్నీ నీలకేతుడు చేశాడు.

ఓడ మేఖలపురం చేరింది. అయిదు ఇళ్లలో దీపాలు పెట్టారు. చతురసేనుడు నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా, రేవులో పోలయ్యతో పాటు పడవ తోసుకుంటూ గడిపాడు. రాజు నీలకేతుడికి పట్టం కడతానన్నాడు. వారిజను ఇస్తారా అని వడ్రంగిని అడిగాడు. వడ్రంగి కూతురి వైపు చూశాడు. ఆమె తలూపింది.

"ముహూర్తం పెట్టించండి" అన్నాడు రాజు.

అప్పుడు రణధీరుడు వచ్చాడు. గడ్డం పెరిగి, ఎముకల గూడులా ఉన్నాడు. "తమ్ముడూ, నాకు ఒక ఓడ ఇవ్వు. పొడుగాటి తాళ్లు ఇవ్వు" అన్నాడు.

"ఎందుకన్నయ్యా?"

"కింద ఆరుగురు ఉన్నారు."

నీలకేతుడు తన ఓడే ఇచ్చాడు. వారిజ తాళ్లు పేని ఇచ్చింది. పెళ్లి ఆపించారు. రణధీరుడు వెళ్లి పదకొండు నెలలైంది. ఒక ఉదయం ఓడ తిరిగి వచ్చింది. అతని జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. చేతిలో ఆరు చిన్న మూటలు. ఒక్కో మూటలో కొన్ని ఎముకలు, అంకె చెక్కిన ఒక రాగిబిళ్ల. ఏ బిళ్ల ఎవరిదో తల్లి హైమవతీదేవి చెప్పింది. అతను ఆరు ఇళ్లకూ నడిచి వెళ్లాడు. రెండు ఇళ్లలో తలుపు తీయలేదు, మూట గుమ్మంలో పెట్టి వచ్చాడు. ఒక ఇంట్లో ముసలావిడ మూట అందుకుని, అతన్ని లోపలికి రమ్మని, మంచినీళ్లు ఇచ్చింది.

ఆరు ఇళ్లలోనూ కర్మలు అయ్యాకే నీలకేతుడికి, వారిజకు పెళ్లి జరిగింది. ఆ పెళ్లిలో మేళం తక్కువ, జనం ఎక్కువ. వాళ్లకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు పుట్టారు. నలభై రెండేళ్లు రాజ్యం చేశారు. ఆ నలభై రెండేళ్లూ మేఖలపురంలో వానలు సరిగ్గా కురిశాయి, ఓడలు క్షేమంగా తిరిగొచ్చాయి, పిల్లలు చెట్లెక్కి ఆడుకున్నారు. పక్షులకు పంజరం మాత్రం ఆ ఊళ్లో ఎవరూ అల్లలేదు.